నిల్వ, మాగడం: సిగార్ నాణ్యతపై వాటి ప్రభావం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
• సిగార్‌లోని మూడు రకాల ఆకులను, వాటి పనులను గుర్తించడం
• ఆరబెట్టడం, పులియబెట్టడం, మాగబెట్టడం అనే మూడు దశల మధ్య తేడా చెప్పడం
• సాపేక్ష ఆర్ద్రత, ఉష్ణోగ్రతలు నిల్వ సరుకును ఎలా మారుస్తాయో వివరించడం
• పురుగు, బూజు ఎప్పుడు, ఎందుకు వస్తాయో చెప్పడం
• రుచిలో మెరుగుదలకూ, హాని తగ్గడానికీ సంబంధం లేదని కారణాలతో నిరూపించడం

1. ఉపోద్ఘాతం

కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని, పాత బియ్యం అన్నం పొడిపొడిగా ఉంటుందని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. ఆవకాయ కలిపిన రోజు రుచి వేరు, నెల మాగాక రుచి వేరు. కొన్ని సరుకులకు కాలం శత్రువు, కొన్నిటికి స్నేహితుడు. అయితే ఆ స్నేహానికీ షరతులుంటాయి. పాత బియ్యమే తేమ గదిలో ఉంచితే ముక్కిపోతుంది, పురుగు పడుతుంది.

నిల్వ శాస్త్రంలో ఈ షరతులను అర్థం చేసుకోవడానికి సిగార్ మంచి ఉదాహరణ. అది తేమకు, వేడికి, పురుగుకు, కాలానికి వెంటనే స్పందిస్తుంది. ఈ పాఠం మిమ్మల్ని పొగతాగమని చెప్పదు. చివరి భాగాలు చదివితే నా ఉద్దేశం మీకే తెలుస్తుంది. కానీ పొగాకు పండించే, కొనే, నిల్వచేసే కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. మీలో కొందరు ఆ కుటుంబాల నుంచే వచ్చి ఉంటారు. సరుకు ఎలా పాడవుతుందో తెలియకపోతే ఒక ఏడాది కష్టం ఒక వానాకాలంలో పోతుంది.

2. సిగార్ నిర్మాణం

సిగార్ పూర్తిగా పొగాకు ఆకుతోనే తయారవుతుంది. సిగరెట్‌లో ఉన్నట్లు దానికి కాగితం ఉండదు. అందులో మూడు భాగాలుంటాయి.

(అ) లోపలి ఆకు: సిగార్ శరీరమంతా ఇదే. రుచి, ఘాటు ఎక్కువగా దీని నుంచే వస్తాయి.
(ఆ) కట్టు ఆకు: లోపలి ఆకును పట్టి ఉంచుతుంది.
(ఇ) పై ఆకు: పలుచగా, సాగే గుణంతో, మచ్చలు లేకుండా ఉండాలి. దీని ఖరీదే ఎక్కువ.

క్యూబాలో పశ్చిమాన ఉన్న పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతం సిగార్ ఆకుకు ప్రసిద్ధి. అక్కడి రైతులు లోపలి ఆకును మొక్క మీద అది ఉన్న చోటును బట్టి వేరు చేస్తారు. అడుగు ఆకును వొలాడో అంటారు. అది తేలికగా ఉంటుంది, బాగా కాలుతుంది. నడుమ ఆకు సెకో, అది వాసననిస్తుంది. తల దగ్గరి ఆకు లిహేరో. ఎండ ఎక్కువగా తగలడం వల్ల అది మందంగా, జిడ్డుగా, ఘాటుగా ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఆకు ఎంత మందమైతే మాగడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది.

3. ఆరబెట్టడం, పులియబెట్టడం

పొలంలో కోసిన పచ్చి ఆకు బరువులో ఐదింట నాలుగు వంతులు నీరే. సిగార్ ఆకును నీడలో, గాలి ఆడే కొట్టాలలో, కర్రలకు వేలాడదీసి ఆరబెడతారు. దీనికి సాధారణంగా ఏడెనిమిది వారాలు పడుతుంది. ఇది తేమ పోవడం మాత్రమే కాదు. కోసిన తరువాత కొన్ని రోజులపాటు ఆకు ప్రాణంతోనే ఉంటుంది. పత్రహరితం విచ్ఛిన్నమై పచ్చరంగు పోతుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర శ్వాసక్రియలో ఖర్చవుతుంది. మాంసకృత్తులు కొంతవరకు విడిపోతాయి. పాలీఫినాల్‌లు ఆక్సీకరణం చెంది గోధుమరంగు వస్తుంది.

దీన్ని మన వర్జీనియా పొగాకుతో పోల్చి చూడండి. బ్యారన్‌లో గొట్టాల వేడితో ఆకును ఐదారు రోజుల్లోనే ఆరబెడతారు. పసుపు రంగు రాగానే వేడి పెంచడంతో ఆకులోని క్రియలు ఆగిపోతాయి, చక్కెర ఆకులోనే మిగిలిపోతుంది. నీడలో నిదానంగా ఆరిన సిగార్ ఆకులో చక్కెర దాదాపు ఉండదు. ఈ ఒక్క తేడా వల్ల రెండిటి పొగ గుణం మారిపోతుంది. దీన్ని ఏడో భాగంలో మళ్లీ చూద్దాం.

ఆరిన ఆకును కొద్దిగా తడిచేసి మండె కడతారు. మండె లోపల సూక్ష్మజీవులు, ఆకులోని ఎంజైములు, ఆక్సిజన్ కలిసి పనిచేయడంతో వేడి పుడుతుంది. అది సుమారు 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. వేడి మితిమీరితే ఆకు మాడినట్లవుతుంది. అందుకే మండెను విప్పి, లోపలి ఆకును బయటికి, బయటి ఆకును లోపలికి తిప్పి మళ్లీ కడతారు. ఈ దశలో అమ్మోనియా బయటికి వెళుతుంది. మండె విప్పినప్పుడు కళ్లు మండేది అందుకే. నికోటిన్ కొంత తగ్గుతుంది, ఘాటైన పచ్చివాసన పోతుంది, పొడి బరువులో కొంత తరుగు వస్తుంది.

తరువాత ఆకును బేళ్లు కట్టి గోదాముల్లో మాగబెడతారు. క్యూబాలో ఈ బేళ్లను రాయల్ పామ్ అనే తాటిజాతి చెట్టు మట్టలతో చుడతారు. తేలికైన ఆకుకు తొమ్మిది నెలలు, ఏడాది సరిపోవచ్చు. లిహేరోకు కనీసం రెండేళ్లు పడుతుంది. అంటే సిగార్ చుట్టక ముందే దాని వయసు రెండు మూడేళ్లు ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(1) సిగార్ ఆకులో చక్కెర ఎందుకు మిగలదు?
(2) మండెను తిప్పి కట్టడం ఎందుకు అవసరం?

4. నిల్వలో తేమ పాత్ర

ఆకు చిట్లకుండా ఉండడానికి చుట్టేవారు దాన్ని తడిచేసి మెత్తబరుస్తారు. కాబట్టి కొత్తగా చుట్టిన సిగార్‌లో అవసరానికి మించి తేమ ఉంటుంది. ఆ తేమ పోయేవరకు దాన్ని కర్మాగారంలో ప్రత్యేకమైన చల్లని గదిలో ఉంచుతారు. ఆ తరువాత అది దుకాణంలోనో, కొన్నవారి ఇంట్లోనో ఉంటుంది. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

పొగాకు తేమను పీల్చే, వదిలే పదార్థం. చుట్టూ ఉన్న గాలి సాపేక్ష ఆర్ద్రతకు తగినట్లు తన తేమను సర్దుకుంటుంది. సిగార్లకు 65 నుంచి 72 శాతం సాపేక్ష ఆర్ద్రత, 16 నుంచి 21 డిగ్రీల ఉష్ణోగ్రత అనువైనవని వ్యాపార అనుభవం చెబుతుంది. ఆర్ద్రత తక్కువైతే ఆకు పెళుసవుతుంది, పై ఆకు చిట్లుతుంది, సిగార్ త్వరగా, వేడిగా కాలుతుంది, వాసననిచ్చే తైలాలు ఆవిరైపోతాయి. ఎక్కువైతే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు పగులుతుంది, గాలి ఆడదు, మాటిమాటికీ ఆరిపోతుంది, బూజు పడుతుంది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే తప్పు ఒకటుంది. సాపేక్ష ఆర్ద్రత అంటే గాలిలో ఉన్న నీటి పరిమాణం అనుకుంటారు. కాదు. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టుకోగల నీటిలో ఎంత శాతం ఉందన్నదే సాపేక్ష ఆర్ద్రత. ఒక లెక్క చూడండి. 20 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 17.3 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందులో 70 శాతం అంటే సుమారు 12.1 గ్రాములు. ఇదే గాలిని, నీరు కలపకుండా, 30 డిగ్రీలకు వేడిచేయండి. ఇప్పుడది సుమారు 30.4 గ్రాములు పట్టుకోగలదు. ఉన్నది మాత్రం 12.1 గ్రాములే. అంటే సాపేక్ష ఆర్ద్రత దాదాపు 40 శాతానికి పడిపోయింది. ఒక్క చుక్క నీరు పోకుండానే గాలి పొడిగా మారింది. దీన్ని తిరగేసి చూస్తే, పగలు వేడిగా ఉన్న గోదాము రాత్రి చల్లబడినప్పుడు ఆర్ద్రత ఎందుకు పెరుగుతుందో, సరుకు పైన నీటి చెమ్మ ఎందుకు చేరుతుందో తెలుస్తుంది.

అందుకే ఆర్ద్రతను, ఉష్ణోగ్రతను విడివిడిగా చూడకూడదు. వాటి సగటు కంటే నిలకడ ముఖ్యం. ఎండిన సిగార్‌ను ఒక్కసారిగా తేమలో పెడితే లోపలి ఆకు ఉబ్బుతుంది, పలుచని పై ఆకు పగిలిపోతుంది. తేమను వారాల తరబడి నిదానంగా పెంచాలి. అలా చేసినా మెత్తదనం తిరిగి వస్తుంది కాని, ఆవిరైపోయిన సువాసన తైలాలు రావు.

నిల్వకు వాడే పెట్టెను హ్యూమిడార్ అంటారు. దాని లోపలి పలకకు స్పానిష్ సెడార్ అనే కర్రను వాడతారు. పేరులో సెడార్ ఉన్నా అది దేవదారు కాదు. మన వేప, మహాగని చెట్ల కుటుంబానికి చెందినది. అది తేమను పీల్చి, అవసరమైనప్పుడు వదులుతుంది. దాని వాసన కూడా సిగార్‌కు కొంత పడుతుంది. ఇంట్లోని ఫ్రిజ్ దీనికి బదులు కాదు. అందులో గాలి పొడిగా ఉంటుంది, కూరల వాసనలన్నీ ఆకుకు పడతాయి.

ప్రయోగం: దీనికి పొగాకు అవసరం లేదు. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిసేంత నీరు మాత్రమే పోయండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. దాన్ని ఒక ఆర్ద్రతామాపకంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రాత్రంతా ఉంచండి. ఉప్పు సంతృప్త ద్రావణం పైన గాలి ఆర్ద్రత సుమారు 75 శాతం వద్ద నిలుస్తుంది. మీ మాపకం 70 చూపితే అది 5 తక్కువ చూపుతోందన్నమాట. విత్తనాల గదికైనా, పుస్తకాల బీరువాకైనా మాపకాన్ని నమ్మే ముందు ఈ పరీక్ష చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(3) గాలిలో నీటి పరిమాణం మారకుండానే సాపేక్ష ఆర్ద్రత ఎలా మారుతుంది?

5. పురుగు, బూజు

నిల్వ పొగాకుకు ప్రధాన శత్రువు లాసియోడెర్మా సెర్రికార్నె అనే చిన్న పెంకు పురుగు. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, రంగు ఎర్రటి గోధుమ. ఇది పొగాకును మాత్రమే తినదు. పసుపు కొమ్ముల్లో, శొంఠిలో, ఎండుమిరపలో సన్నని రంధ్రాలు చేసేది కూడా ఇదే. మీ ఇంటి పోపుల డబ్బాలో మీరు దాన్ని చూసే ఉంటారు. తల్లి పురుగు వంద దాకా గుడ్లు పెడుతుంది. 30 డిగ్రీల దగ్గర, తగిన తేమలో, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఎదగడానికి నెల, నెలన్నర చాలు. పిల్లపురుగు ఆకును తింటూ సొరంగం చేస్తుంది. పెద్ద పురుగు పై ఆకుకు గుండుసూది తల అంత రంధ్రం చేసి బయటికి వస్తుంది. మనకు రంధ్రం కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

చల్లదనం దీనికి కళ్లెం. సుమారు 18 డిగ్రీల కంటే తక్కువలో దాని ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. గుడ్లను కూడా చంపాలంటే సరుకును సున్నాకు దిగువన 18 నుంచి 20 డిగ్రీల వద్ద దాదాపు వారం రోజులు ఉంచుతారు. తరువాత మెల్లగా మామూలు ఉష్ణోగ్రతకు తెస్తారు. పెద్ద గోదాముల్లో ఫాస్ఫీన్ వాయువుతో ధూపనం చేస్తారు. అది ప్రాణాంతకమైన విషవాయువు కాబట్టి శిక్షణ పొందినవారే చేయాలి.

బూజు విషయంలో ఒక అపోహ ఉంది. పాత సిగార్ మీద తెల్లని పొడి కనిపిస్తే, అది మాగిన తైలాలు స్ఫటికాలుగా బయటికి వచ్చిన గుర్తని, మంచి లక్షణమని కొందరు వ్యాపారులు చెబుతారు. మైక్రోస్కోపు కింద చూస్తే చాలాసార్లు కనిపించేవి బూజు తంతువులే. ఆర్ద్రత 75 శాతం దాటి నిలిచిపోతే బూజు పడుతుందని లెక్క పెట్టుకోండి. చెడును మంచిగా చూపి అమ్మే మాటలను పరీక్షించి చూడడం ఈ పాఠం నేర్పే ఒక అలవాటు.

6. మాగడం: కాలం చేసే పని

చుట్టిన తరువాత కూడా సిగార్ మారుతూనే ఉంటుంది. ఈ మార్పులను నాలుగుగా చెప్పవచ్చు.

(అ) మిగిలిన అమ్మోనియా మెల్లగా బయటికి పోతుంది. కొత్త సిగార్‌లోని మంట తగ్గుతుంది.
(ఆ) వేర్వేరు ఆకుల తేమ, వాసనలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి.
(ఇ) నిదానమైన ఆక్సీకరణం వల్ల వగరు, చేదు తగ్గుతాయి.
(ఈ) ఎగిరిపోయే సువాసన పదార్థాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి.

మొదటి మూడూ మేలు చేస్తాయి, నాలుగోది నష్టం చేస్తుంది. కాబట్టి నాణ్యతను కాలంతో గీసిన రేఖ పైకి వెళుతూనే ఉండదు. ఒక శిఖరానికి చేరి, తరువాత దిగుతుంది. తేలికైన ఆకుతో చేసినవి త్వరగా శిఖరానికి చేరుతాయి, ఘాటైన ఆకుతో చేసినవి ఏళ్లు తీసుకుంటాయి. మరీ పాతబడినవి చప్పబడతాయి. పేలవమైన ఆకును ఎన్నేళ్లు ఉంచినా మంచి ఆకు కాదు. పాత బియ్యం ఉదాహరణ ఇక్కడ కూడా పనికివస్తుంది. నాసి వడ్లు ఎంత పాతబడినా సన్నబియ్యం కావు.

ధరకు, రుచికి కూడా తేడా ఉంది. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబాతో వ్యాపారాన్ని నిషేధించింది. ఆ తేదీకి ముందు తయారైన హవానా సిగార్లకు అప్పటి నుంచి సేకరణకర్తల వద్ద విలువ పెరిగింది. ఆ విలువలో అరుదైనతనానికి, చరిత్రకు పెద్ద వాటా ఉంది. పాతది ఖరీదైనంత మాత్రాన అది రుచిగా ఉందని నిరూపణ కాదు.

మన ప్రాంతంలోనూ ఈ విద్య ఉంది. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. ఆ ఆకునూ ఆరబెట్టి, మండె కట్టి, తిప్పి కట్టి మాగబెడతారు. ఇంగ్లీషులోని చెరూట్ అనే మాట తమిళంలోని సురుట్టు నుంచి వచ్చింది. మన చుట్టలాగే దానికీ చుట్టడమే మూలార్థం. ఈ పంట మీద పరిశోధనకు 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను నెలకొల్పారు. గోదావరి రైతూ, క్యూబా రైతూ ఒకరినొకరు చూడకుండానే ఒకే రసాయనశాస్త్రాన్ని చేతులతో నేర్చుకున్నారు.

7. రుచి మెరుగైతే హాని తగ్గుతుందా?

ఈ ప్రశ్నను నా విద్యార్థులు ఏటా అడిగేవారు. పులియబెడితే అమ్మోనియా పోతుంది, నికోటిన్ తగ్గుతుంది, మంట తగ్గుతుంది కదా, అయితే మాగిన పొగాకు తక్కువ హాని చేయాలి కదా అని వారి తర్కం. తర్కం సహజమే, కాని తప్పు. మూడు కారణాలు చూడండి.

మొదటిది, పొగాకును ఆరబెట్టే, పులియబెట్టే, నిల్వచేసే దశల్లోనే కొన్ని నైట్రోసమైన్‌లు తయారవుతాయి. సూక్ష్మజీవులు ఆకులోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. అది నికోటిన్ వంటి ఆల్కలాయిడ్‌లతో కలిసి వీటిని ఏర్పరుస్తుంది. వేడి, తేమ ఎక్కువైన నిల్వలో ఇవి పెరుగుతాయి. వీటిలో ఎన్.ఎన్.ఎన్., ఎన్.ఎన్.కె. అనే రెండింటిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. వీటికి రుచి లేదు, వాసన లేదు. నాలుక వీటిని కనిపెట్టలేదు.

రెండోది, మూడో భాగంలో చెప్పిన చక్కెర తేడా. చక్కెర ఉన్న వర్జీనియా ఆకు పొగ ఆమ్ల గుణంతో ఉంటుంది. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ. క్షార గుణం ఉన్న పొగలోని నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి చేరుతుంది. కాబట్టి పొగను లోపలికి పీల్చకపోతే ఏమీ కాదన్న నమ్మకం నిలబడదు. నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్, చుట్ట తాగేవారికీ వస్తాయి. లోపలికి పీల్చేవారికి ఊపిరితిత్తుల ముప్పు కూడా పెరుగుతుంది.

మూడోది, మంట తగ్గడమే ఒక ప్రమాదం. మంట శరీరం చేసే హెచ్చరిక. మాగిన పొగాకు ఆ హెచ్చరికను తగ్గిస్తుంది, కాల్చినప్పుడు పుట్టే తారును, కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గించదు.

మా నాయనమ్మది ఉత్తరాంధ్ర తీరంలోని ఒక పల్లె. అక్కడి ఆడవాళ్లలో చాలామంది లాగే ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పుకొనను నోటి లోపల పెట్టుకుని తాగడం. చుట్టల కట్టను గుడ్డలో చుట్టి, అటక మీద ఒక ఏడాది ఉంచి, పాతబడ్డాకే తీసేది. “కొత్త చుట్ట గొంతు కోస్తాదిరా, పాతది ఏం చెయ్యదు” అనేది. నిల్వ గురించి ఆమె చెప్పినదంతా నిజం. పాత చుట్ట గొంతు కోయలేదు. ఆమె అంగిట్లో పుండు లేచినప్పుడు కూడా నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఈ సంగతి వైద్యులకు అప్పటికే తెలుసు. అడ్డపొగకూ అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి రాశారు. 1960ల చివర శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో జరిగిన నోటి పరీక్షల సర్వే కూడా దాన్ని బలపరిచింది. తెలియనిది మా ఇంటికే.

కాబట్టి నాణ్యత అన్న మాట వచ్చినప్పుడు ‘దేనికి నాణ్యత?’ అని అడగండి. వ్యాపారికి నాణ్యత అంటే రంగు, వాసన, కాలే తీరు. శరీరానికి నాణ్యత అంటే వేరు. మొదటిదాన్ని నిల్వ పెంచగలదు, రెండోదాన్ని పెంచలేదు. మీ ఇంట్లో అడ్డపొగ తాగేవారు ఎవరైనా ఉంటే, నొప్పి లేకపోయినా అంగిట్లో తెల్లమచ్చ, మానని పుండు ఉందేమో చూపించమని చెప్పండి. త్వరగా గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ.

8. సారాంశం

సిగార్ నాణ్యత పొలంలో మొదలై కొట్టంలో, మండెలో, బేలులో, పెట్టెలో మారుతూ పోతుంది. నీడలో నిదానంగా ఆరడం చక్కెరను తీసేస్తుంది, పులియడం అమ్మోనియాను తగ్గిస్తుంది, మాగడం రుచులను సర్దుతుంది. నిల్వలో 65–72 శాతం ఆర్ద్రత, 16–21 డిగ్రీల ఉష్ణోగ్రత, అన్నిటికీ మించి నిలకడ అవసరం. వేడి పెరిగితే పురుగు, తేమ పెరిగితే బూజు. కాలం మేలు చేసేది ఒక శిఖరం వరకే. ఆ మేలు రుచికి సంబంధించినదే కాని ఆరోగ్యానికి సంబంధించినది కాదు.

9. ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ సమాధానాలు

(1) ఆకు నిదానంగా ఆరుతున్నప్పుడు చక్కెర శ్వాసక్రియలో ఖర్చవుతుంది.
(2) లోపలి వేడి మితిమీరకుండా, ఆకంతా సమంగా పులియడానికి.
(3) ఉష్ణోగ్రత మారితే గాలి పట్టుకోగల నీటి పరిమాణం మారుతుంది కాబట్టి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సిగార్ నాణ్యతపై ఆర్ద్రత, ఉష్ణోగ్రతల ప్రభావాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. ‘మాగిన పొగాకు తక్కువ హాని చేస్తుంది’ అన్న అభిప్రాయాన్ని విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నిల్వ పొగాకు పెంకు పురుగు జీవితం, నివారణ గురించి రాయండి.
2. మీ ఇంట్లో లేదా ఊళ్లో నిల్వ వల్ల మెరుగయ్యే ఒక సరుకును, పాడయ్యే ఒక సరుకును ఎంచుకుని, కారణాలను పోల్చండి.